అడవి అంచున మజిలీ ఎవరికి?

చక్రాల మీద ఇల్లు అనే మాట కొంతకాలంగా దేశ రాజధానిలో పర్యాటక శాఖ అధికారుల నోట తరచు వినవస్తున్నది. కారవాన్ అని దానికి పేరు. వంటగది, పడకలు, స్నానపు గది, మరుగుదొడ్డి అన్నీ ఒక్క వాహనంలో అమర్చుకుని, కుటుంబం యావత్తూ అందులో ఎక్కి, ఒక జాతీయ ఉద్యానవనం నుంచి మరొక ఉద్యానవనానికి సాగిపోవడం ఇందులోని ఆకర్షణ. కారవాన్లకూ, అవి ఆగే పార్కులకూ సంబంధించి కేంద్ర పర్యాటక శాఖ ఒక విధానాన్ని ప్రకటించి దశాబ్దానికి పైబడినది. 2021లో కేరళ ప్రభుత్వం ‘కేరవాన్ కేరళ’ పేరుతో స్వంత పథకాన్ని ఆరంభించింది. అదే సంవత్సరం మహారాష్ట్ర కూడా ఒక విధానాన్ని వెలువరించింది. 2023లో కేంద్రం పర్యాటక వాహనాల పర్మిట్ నిబంధనలను సవరించి, ఒకే అనుమతితో దేశమంతటా తిరిగే వెసులుబాటు కల్పించింది.

విధానాలకు కొదువ లేదు. కొదువ అల్లా ఒక్కదానికే: చీకటి పడిన తరువాత బండి ఆపుకోవడానికి ఒక చోటు.

ఇది కలవారి విలాసం గదా, రాజకీయాలు పట్టించుకునే పాఠకుడికి దీనితో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కారవాన్‌ను అద్దెకు తీసుకోగలిగేవారు ఈ దేశంలో బహు కొద్దిమంది. కాని ఈ చిన్న ప్రశ్న వెనుక పెద్ద ప్రశ్న దాగివున్నది. పులులు తిరిగే అడవి అంచున రాత్రి గడిపే హక్కు ఎవరిది? అక్కడ తరతరాలుగా నివసించిన గిరిజనుడిదా, గదికి వేలకు వేలు చెల్లించగల అతిథిదా, చీటీ తెచ్చుకున్న అధికారిదా, లారీ నడుపుకుంటూ పోయే డ్రైవరుదా? ఈ ప్రశ్నకు మన ప్రభుత్వాలు ఇంతవరకు సూటిగా జవాబు చెప్పలేదు. జవాబు చెప్పకుండానే ఆచరణలో ఒక నిర్ణయం జరిగిపోతున్నది. అదే నన్ను ఈ విషయం ఎత్తుకొనేటట్టు చేసింది.

అడవిలో విడిది అనేది మన దేశంలో సర్కారు అవసరం కోసం పుట్టినది. 1864లో డైట్రిచ్ బ్రాండిస్ అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమితుడైన తరువాత అటవీ శాఖ ఒక వ్యవస్థగా రూపు దిద్దుకున్నది. కలప లెక్క చూడడానికి, హద్దులు నిర్ణయించడానికి దొరలు నెలల తరబడి పర్యటించేవారు. వారి కోసం ఒక్కొక్క మజిలీ దూరాన అటవీ విశ్రాంతి భవనాలు వెలిశాయి. ఎత్తైన పైకప్పు, వెడల్పు వరండా, ఒక చౌకీదారు, ఒక రిజిస్టరు. స్వాతంత్ర్యం వచ్చాక దొరలు పోయారు గాని రిజిస్టరు పోలేదు. దొరల స్థానంలో మన అధికారులు, మంత్రులు, వారి బంధుమిత్రులు సంతకాలు చేశారు. సామాన్యుడు ఆ వరండా ఎక్కాలంటే పై నుంచి చీటీ కావలసి వచ్చేది. ఇప్పుడు కొన్నిచోట్ల కంప్యూటరులో గదులు కేటాయిస్తున్నారు. 1936లో హెయిలీ పార్కు పేరుతో ఏర్పడిన మన మొట్టమొదటి జాతీయ ఉద్యానవనం నేటి కార్బెట్. అక్కడి ఢికాలాలో రాత్రి బసకు అనుమతి దొరకడం ఒక అదృష్టంగా చెప్పుకుంటారు. పద్ధతి మారిన మాట వాస్తవమే. కాని గదులు అన్నే, కోరేవారు వేలకు వేలు.

చక్రాల ఇళ్లు మాత్రం ఢిల్లీకి కొత్తవి కావు. 1957లోనే లండన్ నుంచి కలకత్తాకు ఒక బస్సు ప్రయాణం జరిగింది. ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు యూరపు యువకులు పాత వ్యానులలో పడకలు వేసుకుని ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోరుల మీదుగా ఢిల్లీ చేరి, ఇక్కడ నుంచి ఖట్మండుకు పోయేవారు. పాత ఢిల్లీ అంచున, ఢిల్లీ గేటు సమీపంలో వారి బండ్లు ఆగడానికి టూరిస్టు క్యాంపు కూడా వుండేది. 1979లో ఇరాన్‌లో విప్లవమూ, ఆ ఏడాది చివర అఫ్ఘానిస్థాన్‌లోకి సోవియట్ సైన్యాల ప్రవేశమూ ఆ దారిని మూసివేశాయి. దక్షిణాసియా దేశాల మధ్య రోడ్డు ప్రయాణం నాడు వున్నంత సులభంగా నేడు లేదన్నది గమనార్హం. సరిహద్దులు దాటడం అటుంచి, స్వదేశంలోనే ఒక రాష్ట్రం అడవి నుంచి పక్క రాష్ట్రం అడవికి పోయేవాడికి రాత్రి ఎక్కడ ఆగాలో తెలియని పరిస్థితి వున్నది.

ఈ విషయంలో అధికారులు మాటిమాటికి ఉదహరించేది అమెరికా సంయుక్త రాష్ట్రాలను. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా ఎన్నో వేసవి సెలవులలో ఆర్వీ అని పిలిచే బండిని అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్‌కో, యోసెమిటీకో పోయివచ్చి, ఆ వైభవాన్ని ఫోనులో తల్లిదండ్రులకు వర్ణించి చెప్పడం కద్దు. ఆ వ్యవస్థ నిజంగా గొప్పదే. యెల్లోస్టోన్ 1872లో ఏర్పడింది. 1916లో జాతీయ ఉద్యానవనాల సంస్థ ఏర్పడినప్పటి నుంచీ మోటారు కారును ఉద్యానవనాలలోకి ఆహ్వానించడం వారి విధానమైనది. 1956 నుంచి పదేళ్ల పాటు ‘మిషన్ 66’ పేరుతో రోడ్లు, శిబిర స్థలాలు, సందర్శక కేంద్రాలు విస్తారంగా నిర్మించారు. నీరు నింపుకునే కొళాయి, విద్యుత్తు, మురుగు తొట్టి ఖాళీ చేసుకునే చోటు ఫలానా చోట వున్నవని ముందే తెలుస్తుంది. పేరుపొందిన శిబిర స్థలాలకు ఆరు నెలల ముందుగానే పోటీపడి రిజర్వు చేసుకోవాలి. దొరకనివారికి మరొక మార్గం వున్నది. ఉద్యానవనాల వెలుపల సమాఖ్య ప్రభుత్వ భూములలో చాలా చోట్ల 28 రోజులలో 14 రోజుల వరకు రుసుము లేకుండా బండి ఆపుకోవచ్చు. ప్రభుత్వ భూమి ప్రజల భూమి అనే భావం దీనికి మూలం.

అయితే ఈ బొమ్మకు రెండవ వైపు కూడా చూడాలి. ఆ విశాలమైన ఖాళీ భూములు ఎల్లకాలం ఖాళీగా వుండలేదు. యెల్లోస్టోన్‌లో షొషోనీ తెగవారు నివసించేవారు. యోసెమిటీ లోయ అహ్వానీచీ ప్రజల స్వస్థలం. వారిని వెళ్లగొట్టిన తరువాతనే అది నిర్జన వనమన్న కథ పుట్టింది. శిబిర స్థలంలో నెగడు వేసుకుని కూర్చున్న యాత్రికుడికి ఈ సంగతి తెలియవలసిన పని లేకపోయింది. మన పాలకులు అమెరికా నుంచి కొళాయినీ, మురుగు తొట్టినీ నేర్చుకుంటే మంచిదే. ఆ కథను కూడా దిగుమతి చేసుకుంటే మాత్రం ప్రమాదం.

పైగా, పోలిక కుదరని విషయం మరొకటి వున్నది. యెల్లోస్టోన్ వైశాల్యం దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. మన కార్బెట్ జాతీయ ఉద్యానవనం 520 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి అడవిలో పులులు, ఏనుగులు. దాని చుట్టూ పల్లెలు, పొలాలు, పశువులు. 1973లో 9 అభయారణ్యాలతో ఆరంభమైన ప్రాజెక్టు టైగర్ కింద 2025 మార్చి నాటికి 58 పులుల అభయారణ్యాలు ఏర్పడినవి. 2022 నాటి గణనలో దేశంలోని పులుల సంఖ్య 3,682 అని అంచనా వేశారు. ప్రపంచంలోని అడవి పులులలో అత్యధిక భాగం మన వద్దనే వున్నది. ఇంత జనసాంద్రత గల దేశంలో ఇది సామాన్య విజయం కాదు. ఆ విజయానికి చెరుపు చేసే ఏ పర్యాటకమూ మనకు అక్కరలేదు.

కిందటి ఏడాది శీతకాలంలో మేము నలుగురం ఒక కారవాన్ అద్దెకు తీసుకుని ఢిల్లీ నుంచి సరిస్కా, రణథంభోర్, పన్నా, బాంధవ్‌గఢ్, కన్హాల మీదుగా పెంచ్ వరకు పోయి నాగపూర్‌లో ప్రయాణం ముగించాము. 11 రాత్రులు. అందులో కారవాన్ల కోసం ఏర్పరచిన చోట గడిపినవి రెండే. మూడు రాత్రులు లారీలు ఆగే ధాబాల వద్ద, రెండు పెట్రోలు బంకుల ఆవరణలో, ఒకటి ఒక పల్లె పాఠశాల మైదానంలో గడిచినవి. తక్కిన మూడు రాత్రులూ హోటళ్ల ప్రాంగణాలలో గది అద్దె పూర్తిగా చెల్లించి, గదిలో పడుకోకుండా బండిలోనే పడుకున్నాము. ఆవరణలో బండి నిలపడానికి వేరే లెక్క తమ వద్ద లేదని వారు చెప్పారు. లెక్క లేనప్పుడు గది లెక్కే లెక్క గదా!

అడవి గేట్ల వద్ద మా బండికి ప్రవేశం లేదు. అది సరైనదే. అనుమతి పొందిన జీపులలో, గైడుతో, నిర్ణీత వేళలలోనే లోపలికి పోవాలి. కాని గేటు బయట రాత్రి ఎక్కడ ఆగవచ్చునో చెప్పే బోర్డు ఒక్కటి కూడా మాకు కనబడలేదు. అడిగితే అటవీ సిబ్బంది పంచాయతీని అడగమన్నారు. పంచాయతీవారు పోలీసు ఠాణాలో చెప్పి రమ్మన్నారు. ఠాణాలో మంచి మనిషి ఒకాయన, రాసి ఇవ్వడానికి తమకు నిబంధన ఏదీ లేదనీ, వద్దనడానికీ నిబంధన లేదనీ వివరించాడు. ఇక మురుగు తొట్టి సంగతి. దానిని ఖాళీ చేసుకునే సదుపాయం ఆ 11 రోజులలో రెండు చోట్ల మాత్రమే దొరికింది. మేము ఆ రెండు చోట్ల కోసం దారి మళ్లించుకున్నాము. అందరూ అలా మళ్లించుకుంటారని ఆశించడం అవివేకం. అటువంటి బండ్లు వందలుగా వస్తే ఆ మురుగు చేరేది ఏ వాగులోకో వేరే చెప్పనక్కరలేదు.

పాఠశాల మైదానంలో గడిపిన రాత్రి సంగతి కూడా చెప్పాలి. సర్పంచి అనుమతితోనే ఆగాము. మాకు నీళ్లు చూపించిన వృద్ధుడు గోండు తెగవాడు. అతని కుటుంబం ఒకప్పుడు అడవి లోపలి పల్లెలో వుండేదట. పులుల కోసం ఆ పల్లెను ఖాళీ చేయించారట. వచ్చిన సొమ్ము ఏమైనదని అడిగితే కొంత ఇంటికి, కొంత పెళ్లికి, కొంత వైద్యానికి అయిపోయిందన్నాడు. ఇప్పుడు అతని మనుమడు పర్యాటకుల జీపుకు డ్రైవరు. తన తాత చెట్ల కింద పడుకున్న చోటును చూడాలంటే తనకు కూడా టిక్కెట్టు కావలసిందేనని అతడు ఏ ఆగ్రహమూ లేకుండా చెప్పాడు. ఆగ్రహం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

చట్టం ఏమంటున్నదో చూద్దాము. 2012 జులైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కేంద్ర ప్రాంతాలలో పర్యాటకాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ అక్టోబరులో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ప్రకటించిన తరువాత నిషేధం తొలగింది. వాటి ప్రకారం కేంద్ర ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వినియోగించరాదు. అక్కడ కొత్త పర్యాటక కట్టడాలు చేపట్టరాదు. 2024 మార్చిలో కార్బెట్ పాఖ్రో వ్యవహారంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా, అడవిలో అక్రమంగా చెట్లు కూల్చి కట్టడాలు లేపిన రాజకీయ, అధికార వర్గాలను తీవ్రంగా మందలించింది. ఈ తీర్పులను స్వాగతించవలసిందే.

కాని వాటి ఫలితం ఒకటి ఎవరూ పెద్దగా గమనించలేదు. కేంద్ర ప్రాంతంలో కట్టరాదన్నందువల్ల విడిదులన్నీ అడవి అంచుకు, బఫరు ప్రాంతానికి వచ్చి చేరాయి. ఆ అంచునే పల్లెలు వున్నాయి. జంతువులు ఒక అడవి నుంచి మరొక అడవికి పోయే దారులూ అక్కడనే వున్నాయి. రిసార్టు గోడ లేస్తే ఏనుగు దారి మూసుకుపోతుంది. నీలగిరులలో సిగూరు ఏనుగుల దారి విషయంలో జరిగినది ఇదే. ఆ దారిని ప్రకటించి, అందులోని రిసార్టులను ఖాళీ చేయించాలన్న తమిళనాడు నిర్ణయాన్ని సమర్థిస్తూ 2011లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. గోడ కట్టిన తరువాత కూల్చడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి. చక్రాల బండికి గోడ అక్కరలేదు, పునాది అక్కరలేదు, ఉదయం లేచిపోతుంది. సక్రమంగా నిర్వహిస్తే రిసార్టు కంటె కారవాన్ అడవికి తక్కువ భారం. ఈ కారణం చేతనే నేను కారవాన్‌ను వ్యతిరేకించడం లేదు. నేను వ్యతిరేకించేది, కారవాన్ పార్కు పేరుతో మరికొన్ని గోడలు లేపడాన్ని.

ఇంకొక వైరుధ్యం వున్నది. 2024 జూన్‌లో పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల అభయారణ్యాల కేంద్ర ప్రాంతాలలో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు వున్నాయనీ, వారి తరలింపును త్వరపెట్టాలనీ అందులో కోరింది. తరలింపు స్వచ్ఛందమేనని ప్రభుత్వం అంటున్నది. కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 2021లో 15 లక్షల రూపాయలకు పెంచారు కూడా. అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం, హక్కుల గుర్తింపు పూర్తయిన తరువాతనే, గ్రామసభ స్వేచ్ఛగా అంగీకరించిన తరువాతనే తరలించాలని స్పష్టంగా చెబుతున్నది. హక్కుల పత్రం చేతికి రాకుండా అంగీకార పత్రం మీద వేలిముద్ర పడితే దానిని స్వచ్ఛందమని ఎట్లా అనగలము? ఒక ప్రభుత్వ శాఖ పల్లెవాసికి రాత్రి ఇక్కడ వుండరాదని చెబుతూ, మరొక శాఖ నగరవాసికి రాత్రి ఇక్కడికి రమ్మని ప్రకటనలు ఇస్తూ వుంటే, ఆ పల్లెవాసికి సంరక్షణ మీద విశ్వాసం ఎట్లా కలుగుతుంది? విశ్వాసం లేని పల్లె మధ్య పులి ఎంతకాలం బతుకుతుంది?

ఇరుగుపొరుగు దేశాల అనుభవం మనకు పనికివస్తుంది. నేపాల్‌లో చిత్వన్ ఉద్యానవనం 1973లో ఏర్పడినప్పుడు అక్కడ కూడా థారు ప్రజలు నష్టపోయారు. కాని 1996 నిబంధనల ద్వారా ఉద్యానవనాల ఆదాయంలో 30 నుంచి 50 శాతం వరకు బఫరు ప్రాంత ప్రజల అభివృద్ధికి కేటాయించే ఏర్పాటు జరిగింది. 2012లో చిత్వన్ లోపలి హోటళ్ల ఒప్పందాలను పొడిగించకుండా వాటిని మూయించారు. శ్రీలంకలో ఉద్యానవనాల లోపలనే వన్యప్రాణి శాఖ నిర్వహించే శిబిర స్థలాలు వున్నాయి. ప్రైవేటు హోటలుకు పోలేనివాడు కూడా ముందుగా అనుమతి తీసుకుని గుడారం వేసుకోవచ్చు. అదే శ్రీలంకలో యాల వద్ద జీపులు ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి చిరుతపులిని చుట్టుముట్టడం అపఖ్యాతి తెచ్చిన విషయం. భూటాన్ అభివృద్ధి రుసుము పేరుతో విదేశీ పర్యాటకుల సంఖ్యను అదుపు చేస్తున్నది. 2022లో రోజుకు 200 డాలర్లు చేసి, 2023లో 100కు తగ్గించింది. ఈ మూడింటిలో మనకు తగినది నేపాల్ ఆదాయ సూత్రం. భూటాన్ పద్ధతి మనం అనుసరిస్తే అడవి కలవారి స్వంతమవుతుంది.

రాష్ట్రాల మధ్య సమన్వయం మరొక చిక్కు. బందీపూర్, నాగరహొళె, వయనాడ్, ముదుమలై ఒకే అడవి. మనం గీసుకున్న గీతల ప్రకారం అది మూడు రాష్ట్రాలలో పడినది. బందీపూర్ మీదుగా పోయే రహదారుల మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను నిషేధిస్తూ 2009లో వచ్చిన ఉత్తర్వును 2010లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. కేరళ అప్పటి నుంచీ దీనిని వ్యతిరేకిస్తున్నది. 2019లో సుల్తాన్ బత్తేరిలో నిరాహార దీక్షలు కూడా జరిగినవి. వయనాడ్ రైతు, వర్తకుడు, రోగి పడే ఇబ్బంది నిజమైనదే. ఆ ఇబ్బందికి ప్రత్యామ్నాయ మార్గం వెతకాలి గాని, రాత్రి వేళ ఏనుగుల దారి మీద లైట్లతో బండ్లు పరుగెత్తడాన్ని సమర్థించలేము. 2024 మే నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఊటీ, కొడైకెనాల్‌లకు పోయే వాహనాలకు ఈ-పాసు విధించారు. హద్దు గీయడం అవసరమని దక్షిణాది కొండలు మనకు నేర్పుతున్నవి. కాని రాత్రి 9కి గేటు పడిన తరువాత అటు ఇటు నిలిచిపోయే వందలాది లారీలకు, బస్సులకు, కుటుంబాలకు గౌరవప్రదమైన మజిలీ కల్పించాలన్న ఆలోచన ఏ ఉత్తర్వులోనూ ప్రధానంగా కనిపించదు.

మన నల్లమలను తీసుకుందాము. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయేవారికి మన్ననూరు చెక్‌పోస్టు వద్ద, దోర్నాల వైపు నుంచి వచ్చేవారికి దోర్నాల వద్ద రాత్రి 9కి గేటు పడుతుంది. 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 2014లో రాష్ట్ర విభజనతో రెండుగా చీలి, తెలంగాణ భాగం అమ్రాబాద్ అయినది. అడవి మాత్రం చీలలేదు, కృష్ణ అటూ ఇటూ ఒకే అడవి. ఇక్కడ మజిలీ అన్న మాటకు శతాబ్దాల చరిత్ర వున్నది. ఉగాదికి కన్నడ దేశం నుంచి భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కాలినడకన శ్రీశైలం చేరుకుంటారు. చెట్టు కింద వంట, బండ మీద పడక, దారి పొడవునా అన్నదానం. వారి సంఖ్య ఏ కారవాన్ల సంఖ్య కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. వారి కోసం నీరు, మరుగుదొడ్లు, చెత్త ఎత్తడం ఏటా ఎట్లాగో సమకూర్చుకుంటూనే వున్నాము. ఆ ‘ఎట్లాగో’ను ఒక క్రమమైన ఏర్పాటుగా మార్చడానికి ఏ విధానమూ ముందుకు రాలేదు.

ఆ అడవికి అసలు కావలిదారులు చెంచులు. అటవీ శాఖ వారిని రక్షక సిబ్బందిగా నియమించి వారి అడవి జ్ఞానం వల్ల లాభపడింది. బైర్లూటిలో పర్యాటక శిబిరం నిర్వహణలో చెంచు యువకులకు పని కల్పించారు. ఇది మంచి ఆరంభం. కాని కూలి ఇవ్వడం వేరు, పాలు ఇవ్వడం వేరు. మజిలీ స్థలం మీద నిర్ణయాధికారమూ, రాబడిలో భాగమూ గూడెం గ్రామసభకు వుండాలి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. సరిస్కాలో పులులు పూర్తిగా మాయమైనాయన్న వార్త దేశాన్ని కలవరపరచిన తరువాత, 2005లో సునీతా నారాయణ్ అధ్యక్షతన పులుల కార్యదళం నివేదిక ఇచ్చింది. అభయారణ్యం హద్దుకు 5 కిలోమీటర్ల లోపల వున్న హోటళ్లు తమ వ్యాపారంలో 30 శాతం అభయారణ్యానికి చెల్లించాలని అది సూచించింది. స్థానిక ప్రజలకు ప్రయోజనం చేరనిదే పులికి రక్షణ లేదన్నది ఆ నివేదిక సారాంశం. హోటళ్లవారు ఒప్పుకోలేదు, ప్రభుత్వాలు ఒత్తిడి చేయలేదు. ఇరవై ఏళ్లు గడిచినవి.

ఈ పరిస్థితిలో చేయవలసినది ఏమిటి? మొదటిది, మజిలీ స్థలాలు అటవీ భూమిలోనూ, జంతువుల దారులలోనూ కాక, గేటుకు తగినంత దూరాన రెవెన్యూ భూమిలోనో, పంచాయతీ భూమిలోనో వుండాలి. కేరళ విధానంలో కారవాన్ పార్కుకు కనీసం 50 సెంట్ల భూమి చాలునన్నారు. అంతకు మించిన భూమి మనకూ అక్కరలేదు. ఎక్కువ భూమి కేటాయిస్తే మిగిలిన దానిలో ఏమి లేస్తుందో మనకు తెలుసు. రెండవది, ఆ స్థలం కారవాన్‌కు మాత్రమే పరిమితం కారాదు. లారీ డ్రైవరు, కాలినడక భక్తుడు, మోటారు సైకిలు మీద వచ్చిన విద్యార్థి, స్వంత బండిలో వచ్చిన కుటుంబం అందరూ అక్కడ ఆగగలగాలి. హైవేల మీద డ్రైవర్ల కోసం మొదటి దశలో 1,000 విశ్రాంతి గృహాలు నిర్మిస్తామని 2024 ఫిబ్రవరిలో ప్రధాని ప్రకటించారు. అడవి గేట్లకు ఇరువైపులా వుండే ఊళ్లను ఆ పథకంలో చేర్చడానికి అడ్డేమిటి? మూడవది, సగం స్థలాలు ముందుగా కేటాయించినా, తక్కిన సగం ఆ రోజు వచ్చినవారికి అట్టిపెట్టాలి. కంప్యూటరు ముందు కూర్చుని ఆరు నెలల ముందే ప్రయాణం నిర్ణయించుకోగలిగేవాడే ఈ దేశ పౌరుడు కాడు. నాలుగవది, మురుగు ఖాళీ చేసే ఏర్పాటు లేనిదే ఏ మజిలీకీ అనుమతి ఇవ్వరాదు. రాత్రి పూట జనరేటరు మోత, లౌడ్‌స్పీకరు, కళ్లు మిరుమిట్లు గొలిపే దీపాలు నిషేధించాలి. అయిదవది, నిర్వహణ గ్రామసభ చేతిలో వుండాలి. రాబడి లెక్క ఊరి గోడ మీద రాయాలి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. గ్రామసభ చేతికి ఇస్తే ఊరి పెద్దలు మింగుతారని అధికారులు అంటారు. మింగవచ్చు. కాని అధికారి చేతిలో వున్నప్పుడు, కంట్రాక్టరు చేతిలో వున్నప్పుడు ఎవరూ మింగలేదా? ఊళ్లో మింగినవాడు ఊరికి కనబడతాడు. జనం పెరిగితే అడవికి చేటని ప్రకృతి ప్రేమికులు అంటారు. వారి ఆందోళన సమంజసమే. అందుకే సంఖ్యకు హద్దు పెట్టాలి. హద్దును ధరతో పెట్టడమా, వరుసతో పెట్టడమా అన్నదే ఇక్కడ వివాదం. ధరతో పెడితే పేదవాడు ముందుగా తప్పుకుంటాడు. వరుసతో పెడితే అందరూ నిలబడతారు. ప్రజాస్వామ్యంలో రెండవదే న్యాయం.

కట్టాలనుకుంటే మనవాళ్లు చక్కగా కట్టగలరు. పెంచ్ అడవి మీదుగా నాగపూర్ వైపు పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద మహారాష్ట్ర భాగంలో జంతువుల కోసం 9 చోట్ల రహదారి కింద దారులు విడిచారు. వాటి మీదుగా పోతున్నప్పుడు కింద అడవి ఎప్పటివలెనే నిశ్శబ్దంగా వున్నది. పులులతో సహా పలు జంతువులు ఆ దారులను వాడుకుంటున్నట్టు కెమెరాలలో నమోదైనది. పులికి దారి విడవడం కోసం ఇంజనీర్లు, న్యాయస్థానాలు, అటవీ శాఖ కూర్చుని మాట్లాడుకుని ఒక పరిష్కారం సాధించారు. ఖర్చయినా భరించారు. మనిషికి మజిలీ చూపడం అంతకంటె కష్టమైన పని కాదు.

పార్లమెంటులో కారవాన్ల గురించి ప్రశ్న వస్తే మంత్రులు పార్కుల సంఖ్య చెబుతారు, పెట్టుబడుల మొత్తం చెబుతారు. మన సభ్యులు అడగవలసినది వేరే వున్నది. ఆ పార్కు వున్న ఊళ్లో ఎన్ని కుటుంబాలకు అటవీ హక్కుల పత్రాలు అందాయి? ఆ రాబడిలో వారి వంతు ఎంత? రాత్రి గేటు పడిన తరువాత లారీ డ్రైవరు ఎక్కడ పడుకుంటున్నాడు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన రోజున చక్రాల ఇళ్లు ఎన్ని తిరిగినా ఎవరికీ అభ్యంతరం వుండబోదు. జవాబు చెప్పలేనంత వరకు, ఇల్లు పోగొట్టుకున్నవాడి ముంగిట చక్రాల ఇల్లు నిలపడం అభివృద్ధి అనిపించుకోదు.